అద్దంలో బొటనవేలు

చిన్నల్లుడి ఫొటో పేపర్లో పడిన రోజు నుంచి పెద్దల్లుడికి అన్నం సయించడం లేదు. పడితే పడిందిలే అని ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఊరుకోనిస్తేగా! అత్తగారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "మా చెల్లెలి మొగుడు కోటులో ఎంత హుందాగా ఉన్నాడో చూడండి" అని సొంత పెళ్ళామే మురిసిపోయింది. ఇక ఒళ్ళు మండదూ!

పోలీసుల మీద జనం చేసే ఫిర్యాదులు విచారించడానికి నగరంలో ఒక పౌర సంఘం ఉంది. సభ్యులంతా మామూలు జనమే. కళ్ళజోళ్ళ కొట్టు నడిపే పెద్దల్లుడు అందులో మొదటినుంచీ ఉన్నాడు. డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్న చిన్నల్లుడు నిన్నగాక మొన్న వచ్చి అధ్యక్షుడై కూర్చున్నాడు. పోనీ, అదైనా దిగమింగుకోవచ్చు. పోలీసుల ఛాతీ మీది కెమెరా తీసిన వీడియోని ముందు శబ్దం లేకుండా చూడాలనే పద్ధతి పెట్టించింది పెద్దల్లుడు. అరుపులు చెవిన పడితే కళ్ళు కూడా వాటినే నమ్ముతాయని వాదించి, అందరినీ ఒప్పించాడు. పేపరువాడేమో అది కొత్త అధ్యక్షుడి ఆలోచన అని రాసి పారేశాడు. ఇదెక్కడి న్యాయమండీ?

ఆ రోజు విచారణకు వచ్చింది ఒక టాక్సీ డ్రైవరు గొడవ. కానిస్టేబులు తన మణికట్టు విరగ్గొట్టాడని అతని ఫిర్యాదు. డ్రైవరే మీద పడ్డాడని, ఆ పెనుగులాటలో కెమెరాకి ఏదో అడ్డం వచ్చిందని కానిస్టేబులు వాదన. సంఘం పోలీసు మాటే నమ్మితే డ్రైవరు లైసెన్సు పోతుంది, అతని ఇల్లు గడవదు.

గదిలో తెర వేశారు. శబ్దం లేకుండా వీడియో నడిచింది. కానిస్టేబులు టాక్సీ దగ్గరికి వస్తున్నాడు. ఆ తర్వాత అంతా చీకటి.

చీకటి కమ్మే ముందు టాక్సీ కిటికీ అద్దంలో కానిస్టేబులు నీడ కదిలింది. అతని బొటనవేలు తీరిగ్గా పైకి లేచి కెమెరా మీద పడింది. డ్రైవరు చేతులు రెండూ అప్పటికింకా స్టీరింగు మీదే ఉన్నాయి. మిగతావాళ్ళు టీ కప్పులు అందుకునే హడావిడిలో ఉన్నారు. చూసింది పెద్దల్లుడు ఒక్కడే.

"అన్నయ్యా, మీకేమైనా కనపడిందా?" అడిగాడు చిన్నల్లుడు.

చెప్తే ఏమవుతుంది? రేపు పేపర్లో మళ్ళీ వీడి మొహమే. ఫ్రిజ్ మీద ఇంకో ముక్క.

"ఏం లేదు" అన్నాడు పెద్దల్లుడు.

"మీ చూపు ముందు మా చూపెంత? మీరు లేదంటే లేనట్టే" అని చిన్నల్లుడు ఫిర్యాదు కొట్టివేస్తూ సంతకం పెట్టేశాడు.

వరండాలో డ్రైవరు కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. విషయం విని, "ఇక ఎవరికి చెప్పుకోవాలి సార్?" అన్నాడు. అతను మెట్ల వైపు నడిచాడు.

చిన్నల్లుడు పెద్దల్లుణ్ణి పక్కకి పిలిచాడు. "అన్నయ్యా, పేపరువాడికి మీ పేరే చెప్పాను, వాడే తప్పు రాసి తగలేశాడు. నాకీ కుర్చీ కొత్త. మీ మీద భరోసాతోనే నెట్టుకొస్తున్నాను. వచ్చే సమావేశం నుంచి మీరే అధ్యక్షులుగా ఉండాలని అందరికీ చెప్పేశాను."

పెద్దల్లుడు ఇన్నాళ్ళూ ఏడ్చింది దీనికోసమేగా! డ్రైవరు అప్పటికే సగం మెట్లు దిగాడు.

"ఆగు బాబూ!" అని అరిచాడు పెద్దల్లుడు. చిన్నల్లుడి వైపు తిరిగి, "ఆ వీడియో మళ్ళీ పెట్టించు. నేను చూశాను. చూసి కూడా లేదన్నాను" అన్నాడు.

చూసింది దాచిన సభ్యుడికి సంఘంలో చోటు లేదు. ఆ నియమం పెట్టించింది కూడా పెద్దల్లుడే. అధ్యక్షుడి కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న కుర్చీ కూడా పోయినట్టే.

చిన్నల్లుడి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ తర్వాత తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, డ్రైవరుని లోపలికి పిలిచి, తెర ముందు కుర్చీ లాగాడు. "కూర్చోండి అన్నయ్యా. ఎక్కడ కనపడిందో మాకూ చూపించండి" అన్నాడు మెల్లగా.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఛీ, ఈ మంచితనం కూడా వీడికే దక్కాలా అని కుళ్ళిపోతూ, పెద్దల్లుడు తెర మీద బొటనవేలు ఉన్న చోటు చూపించాడు.