పెళ్ళికొడుకు ముందు చక్రం

మా ఆయనకి దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం. బేరింగుల మీద మాత్రం అపారం. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో బేరింగుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళకి పైగా ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఈ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఒక బేరింగుల మనిషి ఉంటాడు. కానీ అన్నం తింటూ పక్కింటి మిక్సీ చప్పుడు విని "లోపల బాల్ అరిగింది" అని చెప్పేది మా రవీంద్రనాథ్ గారొక్కరే. రిటైరయ్యాక ఇంటి కింద కెల్లర్‌లో, అంటే సామాన్ల గదిలో, బేరింగులు నొక్కే ఒక చిన్న ప్రెస్సు బిగించుకున్నారు. వీధిలోవాళ్ళ సైకిళ్ళన్నీ అక్కడికే వస్తాయి. బేరింగు నొక్కేటప్పుడు చక్రం కదలకుండా పట్టుకోవడానికి రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషిని నేను, బాలామణిని.

మా అమ్మాయి అక్షయకి ఇన్నాళ్ళూ పెళ్ళి కాకపోవడానికి కూడా బేరింగులే కారణం. మొదటి సంబంధం వచ్చినప్పుడు, కాఫీ తాగుతున్న కుర్రాణ్ణి పట్టుకుని "బాల్‌కీ రోలర్‌కీ తేడా ఏమిటి బాబూ?" అని అడిగారు. అతను బ్యాంకు ఉద్యోగి. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. రెండో అతను తేడా చెప్పాడు గానీ తప్పు చెప్పాడు. అతన్ని ఈయనే వద్దన్నారు. అక్షయేమో "పపాకి నచ్చనివాణ్ణి నేను చేసుకోను" అంటుంది. ముప్ఫై దాటిన పిల్ల. తండ్రీ కూతురూ కలిసి నా ప్రాణం తోడేశారు.

అలాంటి సమయంలో దొరికాడు సృజన్. కరోనా వల్ల ఆ ఏడు దీపావళి కూడా కంప్యూటర్లోనే చేసుకున్నాం. ఊరూరి తెలుగువాళ్ళందరూ ఒకేసారి మాట్లాడేస్తుంటే, తన మైకు తనే ఆపేసుకుని బుద్ధిగా వింటున్న కుర్రాడు ఒక్కడే కనబడ్డాడు. అల్లుడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. వరంగల్ వాళ్ళు, ఇల్మెనౌ యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్నాడు. నంబరు సంపాదించి అక్షయకి ఇచ్చాను. చలికాలమంతా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. ఫోన్ చెవికి ఆనించుకుని వంటింట్లో నా కూతురు తనలో తను నవ్వుకోవడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఈ సంబంధం ఆరునూరైనా కుదరాలి అనుకున్నాను.

ఏప్రిల్లో పెళ్ళిచూపులు పెట్టుకున్నాం. అప్పటి రూలు ప్రకారం ఒక ఇంటివాళ్ళు బయటి మనిషిని ఒక్కరినే కలవాలి. అంచేత పెళ్ళికొడుకు తరఫున పెళ్ళికొడుకొక్కడే రావాలి. తల్లి లేదు, మేనత్త లేదు, స్వీటులో పంచదార ఎక్కువైందనే పెద్దమ్మ లేదు. పెళ్ళిచూపులంటే ఎప్పుడూ ఇలాగే ఉండాలి. అంతలో ఈయన, "కుర్చీలో కూర్చోబెడితే మనిషి తెలియడు. సైకిల్ తెచ్చుకోమను, నది గట్టున తొక్కుదాం" అన్నారు. నా కుడికన్ను అదిరింది.

ఆదివారం పొద్దున రైల్లో సైకిలేసుకుని దిగాడు సృజన్. సన్నటి మనిషి, నల్లటి కార్బన్ చక్రాలు. కొత్తవని దూరం నుంచే తెలుస్తోంది.

"ఈ చక్రాలు ఎలా ఎంచుకున్నావు బాబూ?" అని అడిగారు ఈయన, పెసరట్టు తుంచుతూ.

"ఆరు నెలలు చూసిన అంకుల్. రిమ్ము లోతు తక్కువుంటే ఎత్తు ఎక్కనీకి మంచిది. ఎక్కువుంటే సాఫు రోడ్డు మీద స్పీడ్ పోతది, కాని గాలికి కొట్టుకపోతం. అటు గాదు ఇటు గాదు, మధ్యల యాభై మిల్లీమీటర్లది తీస్కున్న. మొత్తం ఎక్సెల్ షీట్ల రాసిన."

ఈయన మెచ్చుకోలుగా తలూపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కుర్రాడు అక్కడ ఆగితే బాగుండేది.

"బేరింగ్స్ గుడ అప్‌గ్రేడ్ చేపిచ్చిన అంకుల్. స్టీల్‌వి తీసేసి సెరామిక్ ఏపిచ్చిన. మస్తు ఫరక్ ఉంటది."

హనుమంతుడి ముందు కుప్పిగంతులు. అక్షయ నుదురు పట్టుకుని "ఓ నైన్" అంది, అయ్యో వద్దు అన్నట్టు.

"ఫరకా" అన్నారు ఈయన. ఆ మాటని నోట్లో కాసేపు చప్పరించారు. "సరే, మీరు తింటూ ఉండండి. నీ ముందు చక్రంలో గాలి చూసొస్తాను."

గాలి చూడ్డానికి అంతసేపెందుకని నేను కెల్లర్లోకి వెళ్ళాను. పెళ్ళికొడుకు చక్రం బల్ల మీద వెల్లకిలా పడుంది. దాని సెరామిక్ బేరింగులు రెండూ నా స్టీలు గిన్నెలో ఉన్నాయి.

"ఇదేం పనండీ" అన్నాను.

"మంచి టైముకి వచ్చావు. ఇటు పట్టుకో. దీని సైజూ నా బండి సైజూ ఒకటే. నాకోసం దాచుకున్న స్టీలువి వేస్తున్నా."

అలవాటు కొద్దీ పట్టుకున్నాను. ఈయన నొక్కారు.

"చక్రానికి అసలు అడ్డు గాలి" అన్నారు. "తరవాత టైరు. బేరింగు వాటా చిటికెడు. ఆ చిటికెడులోనూ గ్రీజుదే సగం. సెరామిక్ వేస్తే వచ్చే లాభం కాలికి తెలిసేది కాదు. తిరిగొచ్చాక అడుగుతాను. తేడా తెలియలేదన్నాడా, నిజాయితీ గలవాడు. సెరామిక్ అద్భుతం అన్నాడా, తన కింద ఏం తిరుగుతోందో తెలియనివాడి చేతిలో పిల్లనెలా పెడతాను? నువ్వు నోరు మెదపకూడదు. ఒట్టు వెయ్యి."

వేశాను. వెయ్యకపోతే ఇంతకన్నా పెద్ద పరీక్ష పెడతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల బతుకు ఈయనకి ఫ్యాక్టరీలో శాంపిల్ ముక్కలా ఉంది.

ఈయన పైకెళ్ళి, ఈ ఊళ్ళో బాల్‌ని తొలిసారి గుండ్రంగా ఎలా సానబెట్టారో సృజన్‌కి చెప్పడం మొదలుపెట్టారు. ఆ కథ అరగంటకి తక్కువుండదు. నేను కిందే ఉండిపోయాను. మంచినీళ్ళ సీసాల కోసం అక్షయ కూడా కిందికి వచ్చింది. తరవాత తల్లీకూతుళ్ళం పైకి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాం. కరోనా రోజులు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

నలుగురం బయల్దేరాం. మైన్ నది గట్టున పక్కనుంచి ఈదురుగాలి. సృజన్ చక్రాలు చేటల్లా ఆ గాలిని పట్టుకుంటున్నాయి. పాపం, హ్యాండిల్‌తో కుస్తీ పడుతూ పాము నడక నడుస్తున్నాడు. నాది బ్యాటరీ సైకిల్. మీట నొక్కి వాడి పక్కకి చేరాను. ఒట్టు నోటికే గానీ కనుబొమలకి కాదు. కనుబొమలెగరేసి, చక్రం వైపు చూపించి, కాదు కాదన్నట్టు తలూపాను.

"అలిసిపొయ్యిన్రా ఆంటీ? మెల్లగ పోదాం" అన్నాడు.

మళ్ళీ ప్రయత్నించాను. చక్రం వైపు వేలు పెట్టి, వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఏమిటో చూద్దామని వంగి, దురదగొండి పొదలోకి పోబోయాడు. వెనకనుంచి అక్షయ "పాస్ ఔఫ్", అంటే జాగ్రత్త, అని కేక పెట్టింది. ఇక నేను కుర్రాణ్ణి బతకనిద్దామని ఊరుకున్నాను.

హోటళ్ళన్నీ మూసే ఉన్నాయి. నది ఒడ్డున బెంచీ దగ్గర ఆగి ఫ్లాస్కులో టీ పోశాను. ఈయన ఒక గుక్క తాగి, నెమ్మదిగా అడిగారు.

"చెప్పు బాబూ. సెరామిక్ ఎలా ఉంది?"

తెలియలేదను నాయనా, తెలియలేదను.

"ఏం చెప్పాలె అంకుల్. నూనెల తిరిగినట్టు తిరుగుతున్నది. స్టీల్‌తోని గిట్ల రాదు."

పప్పులో కాలేశాడు. అక్షయ టీ కప్పు కేసి చూస్తూ ఉండిపోయింది.

ఈయన ముఖం వెలిగిపోయింది. "నేనైతే జన్మంతా స్టీలు మీదే తొక్కాను. ఇవాళ కూడా చూశావుగా, ఇంత గాలిలో నా ముందు చక్రం రోడ్డుని పట్టుకుని నడిచింది. స్టీలు నడకే వేరు. కళ్ళకి గంతలు కట్టినా చెప్తాను." ఇంకో గుక్క తాగారు. "నీ ముందు చక్రంలో ఉన్నవి కూడా స్టీలే. పొద్దున నేనే మార్చాను."

సృజన్ తన చక్రాన్ని చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చూడమ్మా అక్షయా," అన్నారు ఈయన, "తన కింద ఏం తిరుగుతోందో తెలియనివాడికి..."

ఇక ఆగలేకపోయాను. కానీ ఒట్టు ఒట్టే. నోరు మెదపలేదు. జాకెట్ జేబులోంచి రెండు బేరింగులు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

బొటనవేలితో ఒకటి తిప్పారు. రెండోది తిప్పారు. "ఇవి నావి. నా ముందు చక్రంలోవి." తన సైకిల్ వైపు చూశారు. "మరి దాంట్లో ఏమున్నాయి?"

నేను నది వైపు చూశాను.

"సెరామిక్, పపా" అంది అక్షయ. "సృజన్‌వి. అమ్మ నొక్కింది, నేను పట్టుకున్నాను."

"నువ్వా?"

"మీరు ఇతన్ని కూడా వద్దంటారని భయమేసింది పపా." నా కూతురు తండ్రికి భయపడ్డం నేనెప్పుడూ చూడలేదు. ఆయనా చూడలేదు.

ఈయన లేచి తన సైకిల్ ముందు చక్రం పైకెత్తి, ఒక్కసారి తిప్పి వదిలారు. తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. చెవి దగ్గరగా పెట్టి విన్నారు.

చివరికి సృజనే మాట్లాడాడు. "నిజం చెప్తున్న అంకుల్. నాకేం తెల్వలే. అన్ని పైసలు పెట్టిన గదా, మంచిగనే ఉన్నట్టనిపించింది."

ఈయన అరచేతిలో స్టీలు బేరింగుల్ని చూసుకున్నారు. "నాకూ అంతేనయ్యా" అన్నారు. "ముప్ఫై ఏళ్ళు పెట్టాను కదా."

వచ్చి బెంచీ మీద కూర్చుని, చల్లారిన టీ తాగేశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని నాకు ఆయనకి చెప్పాలనిపించింది గానీ, ఆ ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

"వెనక చక్రంలోవి కూడా సెరామిక్కేనా?" అని అడిగారు కాసేపటికి, ఎవరినో అడిగినట్టు.

"ఔ మామయ్యా."

ఆ పిలుపు నాకు వినబడింది, అక్షయకి వినబడింది. ఈయనకి మిక్సీలో బాల్ అరిగిందే వినబడుతుంది, ఇది వినబడదా? హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకున్నారు.

"అయితే ఇంటికెళ్ళాక అవి కూడా విప్పి చూద్దాం" అన్నారు. "బాలామణికి చేతులు నొప్పులు. పట్టుకోడానికి నువ్వు రా."

నాకు చేతులు నొప్పులేమీ లేవు. ఆ మాట చెప్పకుండా బ్యాటరీ పూర్తిగా పెంచి అందరికన్నా ముందు తొక్కుకుంటూ వెళ్ళిపోయాను. నేను ఏడుస్తున్నట్టు వాళ్ళకి కనబడకూడదు కదా.