ఏడో నంబరు బల్ల

గెథిన్ చేతికి చిక్కిన వస్తువు చెత్తకుప్ప మొహం చూడదు. పాత స్నానపు తొట్టె అతని పొలంలో ఆవులకు నీళ్ళ తొట్టి. నాయనమ్మ ఇనపమంచం చట్రం కూరమడికి గేటు. కరెంటువాళ్ళు పీకి పారేసిన స్తంభాలు గొర్రెల కొట్టానికి నిట్రాళ్ళు. అలాంటివాడు, మూతబడిన చర్చిని కొనుక్కున్న పట్నం ఆసామి, అందులో జనం కూర్చునే పన్నెండు పొడవాటి బల్లలనూ తగలబెట్టడానికి బయట పడేశాడని వినగానే ట్రాక్టరు వేసుకుని బయల్దేరడంలో వింతేమీ లేదు. వందేళ్ళ నాటి పైన్ కర్ర, పురుగు తాకలేదు.

వింతల్లా ఏడో నంబరు బల్ల సంగతే. మిగతా పదకొండూ కోసి, ఈనే గొర్రెలకు పదకొండు గదులు కట్టాడు. ఏడోదాన్ని మాత్రం పట్టా కప్పి గోడకు ఆనించాడు. చర్చిలో ఇంటికో బల్ల; అది పక్క పొలం మార్గెడ్ వాళ్ళది. నాలుగు తరాలు దానిమీదే కూర్చున్నారు.

మార్గెడ్ అతనితో మాట్లాడి మూడేళ్ళయింది. చర్చి మూసెయ్యాలా వద్దా అని పెట్టిన సభలో, మూసెయ్యాలని అందరికంటే ముందు చెయ్యెత్తింది గెథినే. కప్పు కారుతోంది, ఆదివారం వచ్చేది తొమ్మిది మంది, ఎవరో ఒకరు ఎత్తాలి కదా. మర్నాటి నుంచి అతను ఎదురైతే ఆమె తన కుక్కతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయేది. అరవయ్యేళ్ళ మగవాడు అనుకోవాల్సిన మాట కాదు గాని, ఆమె పలకరింపు లేక గెథిన్‌కు లోయంతా పరాయిగా తోచేది. తల్లి పోయాక అతన్ని "ఒరేయ్" అనే మనిషి ఆమె ఒక్కతే.

మార్చిలో, మంచు రాలుతున్న ఒక మధ్యాహ్నం, మార్గెడ్ చేతికర్ర ఊనుకుంటూ నేరుగా కొట్టంలోకి వచ్చింది.

"చర్చిని పశువుల కొట్టం చేశావంటగా?"

తిట్టే అయినా మాటే కదా అని గెథిన్ ప్రాణం లేచొచ్చింది. "లేదక్కా, కొట్టాన్నే చర్చి చేశా."

ఆమె నవ్వలేదు. గదుల వెంట నడిచింది. బల్లల మీది నంబరు బిళ్ళలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గొడుగులు పెట్టుకునే ఇత్తడి రింగుల్లో పాలసీసాలు, పాటల పుస్తకాల పలక మీద పాత తువ్వాళ్ళు. మూడో నంబరులో గొర్రె ఆపకుండా అరుస్తోంది.

"ఇది ప్రోసర్ వాళ్ళ సీటు కదూ?"

"అవునక్కా."

"అనుకున్నా. ఆ ఇంటి ఆడవాళ్ళూ అంతే. పాస్టరు నోరు మూసినా వీళ్ళు మూసేవాళ్ళు కాదు."

చివర, ఈదురుగాలి కొట్టే వాకిట్లో, ఒక గొర్రె తన రెండు పిల్లల్నీ ఒంటికి అదుముకుని పడుకుంది.

"దీనికి గది లేదా?"

"కర్ర అయిపోయిందక్కా."

"మరి ఆ పట్టా కింద ఏముంది?"

ఆమె వెళ్ళి పట్టా లాగింది. తన తల్లి చెయ్యి ఆనించి ఆనించి నునుపెక్కిన అంచు. దాని మీద అరచెయ్యి పెట్టింది.

"దీన్నెందుకు కొయ్యలేదు?"

"నీది కదక్కా. తెచ్చిద్దామనే అనుకున్నా. రెండుసార్లు నీ గేటు దాకా వచ్చి వెనక్కి పోయా."

"మూడుసార్లు. కిటికీలోంచి చూశా." కర్ర గోడకు ఆనించింది. "పిల్లలు చలికి వణుకుతుంటే నువ్వు బల్లకు దుప్పటి కప్పుతావా? రంపం తే."

ఎగుడుదిగుడు నేల మీద బల్ల ఊగుతోంది. మార్గెడ్ కోటు సవరించుకుని, ఎడమ చివర, ఆదివారాల్లో కూర్చునే చోటే కూర్చుంది.

"కొయ్యి. ఇక కదలదు."

గెథిన్ రంపం ఆనించాడు.

"ఆ సభకి నేనెందుకు రాలేదో తెలుసా?"

"ఒంట్లో బాలేదన్నారు."

"గుండ్రాయిలా ఉన్నా. వస్తే నేనూ చెయ్యి ఎత్తాల్సొచ్చేది. మా అమ్మ కూర్చున్న చోట కూర్చుని ఆ పని చెయ్యలేక ఇంట్లో దాక్కున్నా. నా బదులు నువ్వు ఎత్తావు. అందుకే నీ మొహం చూడలేకపోయా... ఒరేయ్."

గెథిన్‌ తల వంచుకుని కొయ్యడం మొదలుపెట్టాడు. పొట్టులోంచి పాత జిగురు వాసన లేచింది.

"బిళ్ళ జాగ్రత్త," అంది మార్గెడ్, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "అది కొత్త గది తలుపు మీద ఉండాలి."