గట్టు దాటిన నీలం

రవూఫాకు నీళ్లంటే భయం లేదు. పగడపు గట్టు తెగిపోయాక అడుగు కనపడకుండా దిగిపోయే ఆ నీలమంటేనే భయం.

"నా వెనకే ఉండవే, అటు చూడకు," అంది అక్క నజీహా, దోనీ పడవ అంచున కూర్చుని గాలి సిలిండర్ సర్దుకుంటూ.

"ఎలా అక్కా? అదే నన్ను చూస్తుంటే!"

"అబ్బో! నీ అందానికి తట్టుకోలేకపోతోంది పాపం," అంటూ నజీహా వెనక్కి వాలి నీళ్లలో పడింది.

రవూఫా కూడా వెనకే దిగింది. కింద పగడపు గుట్ట చుట్టూ చిన్న చేపలు కాచుకుని ఉన్నాయి. మాంటాలనే పెద్ద రెక్కల చేపలు వచ్చి ఆగితే, వాటి ఒంటిమీది పురుగుల్ని ఏరుకు తినడం ఈ చిన్నవాటి పని. కాసేపటికి ఒక మాంటా వచ్చింది. తెరచాపంత రెక్కలు. ఎడమ రెక్కలోకి గాలపు తాడు చుట్టుకుని కోసుకుపోయింది. దాని కొస వెనక వేలాడుతోంది.

నజీహా కత్తి తీసి మెల్లగా చేరింది. ఒక చుట్టు కోసింది. రెండోది కోస్తుండగా మాంటా బెదిరి రెక్క విసిరింది. వేలాడే తాడు నజీహా సిలిండర్ మెడకు బిగుసుకుంది. కత్తి ఇసుకలో పడింది. చూస్తుండగానే మాంటా అక్కను గట్టు దాటించి, కిందికి, ఆ నీలంలోకి లాక్కుపోయింది.

రవూఫా చుట్టూ చూసింది. ఎవరో ఒకరు వెళ్తారులే అనిపించింది. ఎవరున్నారు? పైన దోనీలో ముసలి మూసా మామ తప్ప? కత్తి అందుకుని గట్టు దాటింది.

చెవుల్లో పోటు మొదలైంది. కింద ఏమీ లేదు, చీకటి తప్ప. అక్క ఊపిరి బుడగలు పైకొస్తున్న జాడ పట్టుకుని దిగింది. అవి ఉన్నట్టుండి ఆగిపోయాయి.

మాంటా అలసి గుండ్రంగా తిరుగుతోంది. నజీహా నోటి గొట్టం ఊడిపోయింది. రవూఫా కళ్లు మూసుకోకుండా తాడు కోసింది. తన సిలిండర్‌కున్న రెండో గొట్టం అక్క నోట్లో కుక్కింది. మాంటా మాయమైంది.

పైకి పరుగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. పరుగెత్తితే రక్తంలో గాలి పొంగి ఇద్దరూ పోతారు. నజీహాను వాటేసుకుని, కాళ్లకింద ఆ చీకటిని ఉంచుకుని, ఆగి ఆగి లేచింది.

దోనీలో నజీహా ముక్కు నుంచి నెత్తురు కారుతోంది.

"నువ్వు వస్తావనుకోలేదే."

"నేనూ అనుకోలేదక్కా."

"ఇక వదులు తల్లీ, వచ్చేశాంగా," అన్నాడు మూసా మామ. అక్క సిలిండర్ పట్టీని పట్టుకున్న రవూఫా వేళ్లు విడిపడలేదు. ఆయనే ఒక్కొక్కటీ విప్పాడు.

నజీహా నెలలోపే మళ్లీ గుట్ట దగ్గరికి వెళ్లింది. రవూఫా మాత్రం చాలాకాలం మోకాళ్ల లోతు నీళ్లు దాటలేదు.