వెనకబడి చేరిన కోలాటం

నేను ఒక పాత మొబైల్ ఫోన్ని. నా అద్దానికి ఒక మూల పగులుంది. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టారు. ఒకచోట అన్న మాటను ఇంకోచోటికి చేర్చడం నా పని. చేరుస్తాను, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ కాస్తకి మనుషులు నన్నేమీ అనరు. ఒకరినొకరు అనుకుంటారు. అది వినీ వినీ అలసిపోయాను.

నన్ను మొదట కొన్నది ఒంగోలులో భాస్కరరావు అనే గుమాస్తా. ఆయన భార్య పుట్టింటి నుంచి ఫోన్ చేసి, "నేను గుర్తొస్తున్నానా?" అని అడిగేది. ఆయన ఠక్కున "రాకేం!" అనేవాడు. ఆ మాట టవర్లన్నీ దాటి ఆవిడ చెవిలో పడేసరికి ఆవిడ గొంతు మారిపోయేది. "అంతసేపు ఆలోచించుకోవాలా?" అనేది. ఫోను మారిస్తే కాపురం కుదుటపడుతుందనుకుని ఆయన నన్ను పాత ఫోన్ల కొట్టులో ఇచ్చేశాడు. కుదుటపడిందో లేదో నాకు తెలియదు.

అక్కణ్ణుంచి గిద్దలూరు అవతల కొండ కింద ఉన్న ఒక ఊరికి, కోటేశ్వరి చేతికి వచ్చాను. పదో తరగతి చదివే పిల్ల. నలుగురిలో నోరు విప్పదు గానీ కోలలు చేతికిస్తే వేరే మనిషి. ఊళ్లో ఆడపిల్లల కోలాటం జట్టుకి ముందు నిలబడేది ఆమే. వాళ్లకి ఆట నేర్పింది సుబ్బరత్నమ్మ. పిల్లలందరికీ పెద్దమ్మ.

తిరునాళ్ల దగ్గరపడే వేళకి పెద్దమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కందుకూరులో కూతురింట్లో మంచం పట్టింది. అయినా ఊరుకునే మనిషి కాదు. "వీడియోలో చూపించండే, నేను తాళం వేస్తా" అంది. మా ఊళ్లో సిగ్నల్ అందేది బడి అరుగు మీదే. రోజూ సాయంత్రం నన్ను అక్కడ గోడకి ఆనించేవాళ్లు.

పెద్దమ్మ అక్కడ చప్పట్లు కొట్టి పాడేది. నేను దాన్ని ఆలస్యంగా ఇక్కడికి తెచ్చేవాణ్ణి. పిల్లలు ఆ చప్పట్లకి సరిగ్గా కోల కొట్టేవాళ్లు. వాళ్ల ఆటని మళ్లీ ఆలస్యంగా అక్కడికి మోసేవాణ్ణి. పాట ముందుకెళ్లిపోయాక కోలలు కలిసినట్టు కనిపించేది ఆవిడకి.

"వెనకబడుతున్నారే! ముందు నువ్వే వెనకబడుతున్నావు కోటీ!"

కోటేశ్వరి తల దించుకునేది. మరుసటి రోజు చప్పట్లు వినపడకముందే కోల కొట్టింది. మిగతావాళ్లూ అలాగే ఉరికారు. పెద్దమ్మ "ఆ, ఇప్పుడు దారికొచ్చారు" అంది. నిజం తెలిసింది నాకొక్కడికే. చెప్పడానికి నాకు సొంత నోరు లేదు.

ఆదివారం మద్దెల వాయించే గురవయ్య వచ్చాడు. రెండు కోపుల అడుగులు పూర్తయ్యేసరికే వాయించడం ఆపేశాడు. "అమ్మాయిలూ, నా చెయ్యి లేవకముందే మీ కోలలు మోగుతున్నాయేంది? తరుముకొస్తున్నారా ఎవరన్నా?"

"పెద్దమ్మే వెనకబడుతున్నామంటోంది బాబాయ్" అని గొణిగింది కోటేశ్వరి.

ఆ సాయంత్రం ఆమె నా ముందు నిలబడి, "పెద్దమ్మా, చెయ్యెత్తుతా, చూడగానే చెప్పు" అంది. ఎత్తింది, దించేసింది. ఆ తర్వాత వచ్చింది పెద్దమ్మ మాట: "ఆ, ఎత్తావు." కోటేశ్వరికి విషయం అర్థమైంది. తడబడుతూనే చెప్పింది. పెద్దమ్మ నమ్మలేదు.

"ఆట తప్పి ఫోను మీద పెడతావా? నేను లేకపోయేసరికి తాళం కూడా నిలుపుకోలేకపోయారు. ఈ ఏడు ఆడొద్దు. నవ్వులపాలు కావొద్దు."

పిల్లలు ఏడ్చుకుంటూ వెళ్లిపోయారు. కోటేశ్వరి మాత్రం అరుగు మీదే కూర్చుంది. ఆడొద్దన్నందుకు కాదు ఆమె బాధ. పెద్దమ్మ తాను నేర్పిన ఆట వృథా పోయిందనుకుంటూ మంచంలో పడుకుంటుందే అని.

మర్నాడు పొద్దున్నే కోటేశ్వరి పిలిస్తే పిల్లలంతా వచ్చి గురవయ్య మద్దెలతో, అసలు తాళానికి ఆడారు. ఈసారి ఆమె ఫోన్ కలపలేదు, వీడియో తీసింది. దాన్ని పంపడానికి నేను పడ్డ పాట్లు చెప్పుకోకూడదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, సగంలో ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది. బడి గంట కొట్టేదాకా ఆమె కదల్లేదు. ఎట్టకేలకు చేరింది. ఎంత ఆలస్యంగా చేరినా, అందులో మద్దెల, కోల కలిసే వెళ్లాయి.

పెద్దమ్మ గొంతు రికార్డు చేసి పంపింది. "ఆ చివరిపిల్లని ఓణీ బిగించి కట్టుకోమను. జారిపోతోంది. తిరునాళ్లలో బాగుండదు." అంతే. కోటేశ్వరి దాన్ని మళ్లీ మళ్లీ విని, నన్ను గుండెలకి హత్తుకుని, అరుగు మీంచి ఒక్క దూకు దూకింది.

తిరునాళ్లలో కోలాటం బడి ముందరే జరిగింది. ఆడేటప్పుడు ఫోన్ కలపొద్దని పెద్దమ్మే ఆజ్ఞ. నన్ను అరుగు మీద కూర్చున్న నాయనమ్మ ఒళ్లో పెట్టి కోటేశ్వరి ఆటకి వెళ్లింది. కోలలు మొదలయ్యాయో లేదో, నేను మోగాను. పెద్దమ్మే. ఉండబట్టలేకపోయింది.

నాయనమ్మ వేళ్లతో ఎక్కడెక్కడో నొక్కి ఫోన్ ఎత్తింది. "మాట్లాడితే వినపడి చావదే రత్నమ్మా, ఇదుగో, నువ్వే విను" అని నన్ను ఆట వైపు తిప్పి పట్టుకుంది.

పెద్దమ్మ తాళం వేయలేదు, తిట్టలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నా అలవాటు ప్రకారం ఒక్కో దెబ్బనూ ఆలస్యంగానే మోసుకెళ్లాను. వినడానికి మాత్రమే కూర్చున్నవాళ్లకి ఆ ఆలస్యం తెలియనే తెలియదు.