స్వీటీకి వచ్చిన జ్వరాలు

స్వీటీకి రెండేళ్లలో పందొమ్మిది సార్లు జ్వరం వచ్చింది. అన్నీ శనివారాలే. అందులోనూ నెలలో రెండోదీ, నాలుగోదీ. మిగతా రోజుల్లో ఆ పిల్ల ఒళ్లు వెచ్చబడిన దాఖలా లేదు. జ్వరాలు కాక మూడు సార్లు విరేచనాలు, రెండు సార్లు ఆటలమ్మ (నేను బీఎస్సీ చదివినప్పుడు అది ఒకసారి వస్తే మళ్లీ రాదని చెప్పారు, సిలబస్ మారిందేమో), ఒకసారి నాయనమ్మకు గుండెదడ. ఇవేవీ నేను కల్పించి చెబుతున్నవి కావు. పిల్ల తండ్రి సాగర్ ప్రమాణం చేసి, సంతకం పెట్టి కోర్టులో దాఖలు చేసినవి.

సాగర్ భార్య రూప, సైదాబాద్‌లో మా ఇంటి వెనక పోర్షన్లో ఉండే సామ్యూల్ గారి అమ్మాయి. మొగుడితో పడక పుట్టింటికి వచ్చేసినప్పుడు పిల్లని వెంట తెచ్చుకుంది. "రెండు రోజులు మా అమ్మ దగ్గరుంచి తెస్త" అని సాగర్ గౌలిపురాకు తీసుకెళ్లాడు. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. అప్పుడు స్వీటీకి నాలుగేళ్లు. పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్న కేసు తేలేదాకా, రెండో శనివారం, నాలుగో శనివారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు సాగర్ పిల్లని కోర్టులోని పిల్లల గదికి తీసుకొచ్చి తల్లికి చూపించాలని జడ్జిగారు ఆర్డరు వేశారు. నలభై ఎనిమిది శనివారాల్లో అతను తెచ్చింది నాలుగు సార్లు. ఆ జబ్బులు పోను మిగతా శనివారాలకు కారణం చెప్పే శ్రమ కూడా పడలేదు.

మొదట్లో రూపకు తోడు సామ్యూల్ గారే వెళ్లేవారు. రెండుసార్లు వరండాలో అల్లుడి మీదికి వెళ్లబోయి కానిస్టేబుల్ చేత బయటికి పంపించబడ్డాక, ఆ పని నాకు వచ్చింది. ఇల్లాలికి సెలవు పెట్టే అవసరం ఉండదని లోకంలో అందరి నమ్మకం. మా ఆయన అనంతపద్మనాభం గారైతే, "నీకూ కాస్త కాలక్షేపం" అన్నారు కూడా.

పిల్లల గదిలో ఒక చెవి విరిగిన చెక్కగుర్రం, గోడకు అక్షరాల చార్టు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. రూప ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. శనివారం డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, సేమ్యా ఉప్మా డబ్బాలో పెట్టుకుని, పదిన్నరకే వచ్చి కూర్చునేది. స్వీటీకి సేమ్యా ఉప్మా ఇష్టమట. నాలుగేళ్లప్పటి ఇష్టం. ఒంటిగంటకు ఆ గది చూసుకునే ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడేది. అప్పుడు మేం ఆవరణలో బల్ల మీద కూర్చుని ఆ ఉప్మా మేమే తినేవాళ్లం. రెండేళ్లలో నేను మూడు కిలోలు పెరిగాను. అది కూడా పిటిషన్‌లో రాయించమంటే మా వకీలు అంజన్ గారు ఒప్పుకోలేదు.

ప్రతి మూడు నాలుగు ఎగవేతలకు ఒకసారి అంజన్ గారు ఆర్డరు ధిక్కరించాడని పిటిషన్ వేసేవారు. నోటీసు వెళ్లేది. సాగర్ వచ్చేవాడు. అతను కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్. ఇస్త్రీ చొక్కా, నుదుట చిన్న బొట్టు, చేతులు కట్టుకుని నిలబడే తీరు. అంత బాగా క్షమాపణ చెప్పే మనిషిని నేనింతవరకు చూడలేదు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఒక్క క్షమాపణా వినలేదు కాబట్టి నా అభిప్రాయానికి పెద్ద విలువ ఉండకపోవచ్చు.

"తప్పయింది మేడం. పూరా నాదే తప్పు. ఇగ గిట్ల చెయ్య. మా అమ్మ మీద ఒట్టు."

"ఇదే ఆఖరి అవకాశం" అనేవారు జడ్జిగారు. నాకు తెలిసి అవి ఐదు.

ఆవిడ చెడ్డ మనిషేం కాదు. నాలుగో ఆఖరి అవకాశం ఇచ్చిన రోజు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మా వైపు చూసి అన్నారు: "ఇతన్ని జైలుకు పంపితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? పంపకపోతే నేను రాసే కాగితానికి విలువేముంది? మీరే చెప్పండి."

ఆ మాట అడగడానికే మేం అన్ని వాయిదాలు తిరుగుతున్నాం. తీరా ఆవిడే మమ్మల్ని అడిగితే ఏం చెబుతాం?

ఇలా కాదని ఒక రెండో శనివారం, రూపని పిల్లల గదిలో వదిలి, మా ఆడబిడ్డ కూతురికి గాజులు కొనాలని చెప్పి లాడ్ బజార్ వెళ్లాను. కొన్నాను కూడా, అబద్ధమాడానని ఎవరూ అనకూడదు. అక్కడి నుంచి ఆటోలో గౌలిపురా. ఆ పొద్దున్నే సాగర్ తన వకీలు ద్వారా నూట మూడు జ్వరం అని కబురు పంపాడు. నూట మూడు జ్వరంతో స్వీటీ గల్లీలో తాడాట ఆడుతోంది. నేను లెక్కపెట్టినంతసేపట్లో ముప్ఫై ఒక్క గెంతులు. ఫోన్ తీసి ఫొటో తీశాను.

"ఎవరమ్మా నువ్వు? గీడ ఏంది పని?" అంటూ గడపలోంచి ఒక పెద్దామె లేచింది. సాగర్ తల్లి కాశమ్మ.

చేతిలో సంచీ ఉంది. "గాజులమ్మా. లాడ్ బజార్ సరుకు" అన్నాను.

"ఏదీ, జర సూపియ్యి."

చూపించాను. బేరం ఆడింది. మామూలు బేరం కాదు. అరగంటలో నా చేత అరడజను గాజులు కొన్న ధరకంటే తక్కువకు అమ్మించి, "మస్తు మాటకారివి నువ్వు, పైకొస్తవ్" అని దీవించి పంపింది.

ఆ ఫొటోకు కోర్టులో ఒక సర్టిఫికెట్ కావాలట. ఫోన్ నాదేననీ, ఫొటో నేనే తీశాననీ, దానిలో ఏమీ మార్చలేదనీ నేను రాసివ్వాలి. అది దాఖలయ్యేసరికి మూడు వాయిదాలు పోయాయి. చివరికి జడ్జిగారు ఫొటో చూశారు.

"పిల్ల తాడాట ఆడుతోంది కదయ్యా?"

"జ్వరం తగ్గినంక తీసిన్రు మేడం" అన్నాడు సాగర్, ఏమాత్రం తడుముకోకుండా.

"పదకొండున్నరకు తీసింది. నీ కబురు అదే రోజు పొద్దున పదింటికి వచ్చింది. నూట మూడు గంటన్నరలో తగ్గిందా?"

సాగర్ చేతులు కట్టుకున్నాడు. "తప్పయింది మేడం..."

ఈసారి ఆవిడ పూర్తిగా చెప్పనివ్వలేదు. ముప్ఫై రోజుల సివిల్ జైలు, సోమవారం హాజరు కావాలి అని రాయించేశారు.

బయట వరండాలో అంజన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఒక చిన్న సంగతమ్మా. సివిల్ జైల్లో పెట్టిస్తే అతని తిండి ఖర్చు మనమే ముందు కోర్టులో కట్టాలి. రూలు."

"ఏంది సార్?" అంది రూప. "నా బిడ్డను రెండేండ్లు సూపియ్యనోనికి నేను బువ్వ పెట్టాల్నా?"

"పైసలెందుకు సార్, నేనే క్యారియర్ పంపిస్త" అన్నాను. "ముప్ఫై రోజులు కాకరకాయ. ఉప్పు లేకుండ."

రూప నవ్వింది. ఆ రెండేళ్లలో ఆమె నోరారా నవ్వడం అదొక్కసారే చూశాను. డబ్బు కట్టింది.

సోమవారం సాగర్ వచ్చాడు. ఒంటరిగా రాలేదు. ఒకపక్క కాశమ్మ, ఇంకోపక్క రెండు జడలు వేసుకుని, తెల్ల గౌనులో స్వీటీ. పదకొండు నెలల తర్వాత రూప కూతుర్ని చూడటం అదే. పిల్లకు ముందు పళ్లు రెండు ఊడాయి. ఆ సంగతి రూపకు తెలియదు. బల్ల మీంచి లేచి, మళ్లీ కూర్చుని, నా చేయి పట్టుకుంది. గోళ్లు గుచ్చుకున్నాయి. రోజుకు యాభై మందికి సూది గుచ్చే చేయి అది.

"అరే, గీమె గాజులామె కదరా!" అంది కాశమ్మ నన్ను చూసి. కోర్టు హాల్లో అందరూ నా వైపు తిరిగారు. నేను అక్షరాల చార్టు ఉన్నట్టు గోడ వైపు చూశాను.

కేసు పిలవకముందే సాగర్ పిల్ల వీపు మీద చేయి వేసి మా వైపు తోశాడు. స్వీటీ వచ్చి రూప ముందు నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఆంటీ, మా డాడీని జైల్ల వెయ్యకుండ్రి. మా డాడీ మంచోడు. ప్లీజ్."

"ఆంటీ కాదు బేటా, మమ్మీని" అంది రూప. "బువ్వ తిన్నవా?"

పిల్ల తండ్రి వైపు తిరిగి చూసింది. ఆ ప్రశ్నకు జవాబు నేర్పించలేదు కాబోలు.

కేసు పిలిచారు. జడ్జిగారు చాలాసేపు కాగితాలు తిరగేశారు. ఆ పిల్లని చూడకుండా ఉండటానికే అనిపించింది నాకు. చివరికి, "రూపా, పిల్లని తీసుకొచ్చాడు. ఇకనుంచి తప్పకుండా తెస్తానని రాసిస్తానంటున్నాడు. నువ్వు అభ్యంతరం లేదంటే జైలు ఆపేస్తాను. కాదంటే పంపిస్తాను. నీ ఇష్టం" అన్నారు.

అంత పెద్ద బరువును అంత తేలిగ్గా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చడం నేను కోర్టులోనే చూశాను.

రూప నా వైపు చూసింది. ముందురోజు సాయంత్రమే మా వంటింట్లో కూర్చోబెట్టి చెప్పాను, "ఏం చేసినా సరే, ఏడ్చినా సరే, ఈసారి మాఫీ చెయ్యకు. చేసినవా, ఇగ జన్మల నీ బిడ్డను సూడవ్" అని. ఇప్పుడు ఆ తెల్ల గౌను పక్కన నిలబడి ఉండగా అదే మాట చెప్పాలా వద్దా అని ఆలోచించానని అనుకుంటారు. ఆలోచించలేదు. నా తల అడ్డంగా ఊగింది.

"పంపుండ్రి మేడం" అంది రూప.

కానిస్టేబుల్ సాగర్ భుజం మీద చేయి వేశాడు. సాగర్ తలవంచుకుని నడిచాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి, గట్టిగా, "ఫికర్ జెయ్యకు బేటా. మమ్మీ పంపిస్తున్నది కదా, పోయొస్త" అన్నాడు. ఆ రోజుదాకా రూపని ఆ పిల్ల ముందు మమ్మీ అన్నాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అన్నాడు.

స్వీటీ అరిచిన అరుపు వరండాలో చివరి హాలు దాకా వినిపించింది. కాశమ్మ పిల్లని చంకకెత్తుకుని, "నీకు కూడ కడుపుంది కదనే" అని రూపతో అంటూ వెళ్లిపోయింది.

ఆ వారం వచ్చింది నాలుగో శనివారం. రూప సేమ్యా ఉప్మాతో వచ్చింది. పదకొండయింది, పన్నెండయింది. ఒంటిగంటకు అంజన్ గారికి ఫోన్ చేశాను.

"ఎవరు తెస్తారమ్మా?" అన్నారాయన. "తేవాల్సింది సాగర్ అని ఉంది ఆర్డర్లో. సాగర్ జైల్లో ఉన్నాడు."

"పిల్ల వాళ్ల నాయనమ్మ దగ్గరుంది కదా సార్."

"ఆమె మీద ఆర్డరేం లేదు. ఆమెను కేసులో చేర్చమని పిటిషన్ వెయ్యాలి. నోటీసు పోవాలి, ఆమె జవాబు చెప్పాలి. అంతలోకి ఇతని ముప్ఫై రోజులు అయిపోతాయి."

అంటే రెండేళ్లలో మొదటిసారి సాగర్‌కు పిల్లని తేకపోవడానికి నిజమైన కారణం దొరికింది. అది ఇచ్చింది మేమే. దానికి భోజనం ఖర్చు కూడా ముందే కట్టి మరీ.

జైలు నుంచి వచ్చిన నాలుగో రోజుకే అతను పిటిషన్ వేశాడు. తండ్రిని జైలుకు పంపిన మనిషంటే పిల్ల భయపడుతోంది, నిద్రలో ఉలిక్కిపడుతోంది, చూపించే ఏర్పాటు ఆపాలి అని. ఈసారి జ్వరం అని రాయలేదు. కౌన్సిలర్ గారు పిల్లతో రెండుసార్లు మాట్లాడారు. రిపోర్టులో స్వీటీ చెప్పినది ఉన్నదున్నట్టు రాశారు: ఆ ఆంటీ మా డాడీని పోలీసోళ్లకు ఇచ్చింది, నేను పోను. అందులో ఎవరూ నేర్పించినది ఏమీ లేదు. అది చదివినప్పుడే నాకు ఆశ పోయింది. అబద్ధమైతే ఎలాగోలా ఫొటో తీసేదాన్ని.

జడ్జిగారు రూప వైపు చూడకుండానే ఆర్డరు చెప్పారు. పిల్ల మనసు కుదుటపడేవరకు ఆరు నెలలు భేటీలు ఉండవు. ఈలోగా తల్లి పిల్ల ఇంటికి గానీ బడికి గానీ వెళ్లకూడదు. ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం.

"అర్థమైందా?" అని అడిగారు ఇద్దర్నీ.

"అయింది మేడం. తప్పకుండ పాటిస్త" అన్నాడు సాగర్. మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పటికి నాలుగు నెలలు, ఒక్క శనివారం కూడా తప్పలేదు.

నేను తల ఊపిన సంగతి రూప ఇంతవరకు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రాత్రిళ్లు మా ఆయన గురక వింటూ, ఆ రోజు నా తల నిలువుగా ఊగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటాను. మహా అయితే ఆరో ఆఖరి అవకాశం, ఇరవయ్యో జ్వరం. పిల్ల ఏడాదికి రెండుసార్లయినా కనిపించేది.

మొన్న రెండో శనివారం రూప డ్యూటీకి వెళ్తూ మా వాకిట్లో చెప్పులు సరిచేసుకుంటోంది. ఊరుకోలేక పక్కకు పిలిచాను.

"ఇయ్యాల ఆ పిల్ల బడిల ఆటలపోటీలున్నయంట. నేను కనుక్కున్న. లోపలికి పోవద్దు. రోడ్డుకు అవతల జిరాక్స్ షాపుంది, ఆడ నిలబడి చూద్దాం. బుర్ఖాలు తెస్త రెండు, ఎవరు పోలుస్తరు మనల్ని?"

రూప చెప్పు బకిల్ పెట్టుకోవడం పూర్తిచేసి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"వద్దక్కా" అంది. "ఆర్డరుంది కదా."