అరవై ఒకటో వేప

అర్చనకు అన్నిటికంటే భయం ఒక్కటే: తను గడప దాటిన గంటలోపు పిల్లకు ఏదో ఒకటి అవుతుందని.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు, పెట్టింది. ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి సెమిస్టరు మొదటి పరీక్ష రాసి గుంటూరు నుంచి వినుకొండ వచ్చేసరికి, ఏడు నెలల బిందుకు జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. ఇంట్లో తండ్రి ఉన్నాడు, నాయనమ్మ ఉంది. అయినా డాక్టరు "తల్లెక్కడ?" అనే అడిగాడు. "చెట్ల చదువు చదవటానికి పోయింది," అంది అత్త శేషారత్నం. రెండో పరీక్షకు అర్చన పోలేదు. వద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకుండా పోయింది.

కానీ చెట్లు వీధిలోనే ఉన్నాయి గదా. పాలకు పోతూ, కరెంటు బిల్లు కట్టబోతూ, పిల్లను చంకనేసుకుని ఊళ్ళో వేపచెట్లు లెక్కపెట్టేది. రొమ్ము ఎత్తున తాడు చుట్టి లావు కొలిచేది, కొలిచినదాన్నే మళ్ళీ కొలవకుండా ఎర్రదారం కట్టేది. "ఏమే, మొగుడు చాలక నడిబజార్లో చెట్లను కావిలించుకుంటున్నావంట?" అనేది అత్త. ఇంతలో ఇంకో తమాషా అయింది. ఆ దారం ఎవరిదో మొక్కు అనుకుని పక్కింటి బసవమ్మ పిన్ని చెట్టుకు పసుపు రాసింది. ఆమెను చూసి ఇంకొకామె తనూ ఓ దారం కట్టింది. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ఎర్రదారం లేని వేప లేదు. ఏది అర్చన దారమో అర్చనకే తెలుసు. నోట్‌బుక్కుల్లో నంబర్లూ కొలతలే ఉన్నాయి, ఏ చెట్టు ఎక్కడుందో లేదు. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో రాసుకుంటామా?

పట్టణాల్లో చెట్ల మీద పరిశోధన చేసే విద్యార్థులకు ఓ ట్రస్టు ఫెలోషిప్ ఇస్తుందని ఫోన్లో చూసింది ఆమే. మళ్ళీ చేరతానని భర్త వెంకటకృష్ణకు చెప్పింది. అన్నం కలుపుతూ విన్నాడు. "అది స్టూడెంట్లకే. నువ్వు మానేసినదానివి. మన సాయిగాడు చదువుతున్నాడుగా, నీ లెక్కలు వాడికన్నా అక్కరకొస్తయ్." బియ్యం డ్రమ్ము మీదున్న మూడు నోట్‌బుక్కులూ తమ్ముడికి తీసిచ్చింది ఆయనే. "థ్యాంక్స్‌లో ఫస్టు నీ పేరే పెడతా వదినా," అన్నాడు వెంకట సాయి, ఆమె వేసిన పెసరట్టు తింటూ.

ఈ ఆదివారం, సాయి పెట్టుకున్న అప్లికేషను చూసి ట్రస్టు మేడం చెట్లు చూడటానికి వచ్చింది. అర్చన బిందును నిద్రపుచ్చుతుంటే సాయి ఫోను. "వదినా, అరవై ఒకటో చెట్టు చూపించమంటోంది. అన్నిటికీ దారాలే! ఏదో తొందరగా చెప్పు."

"ఫోన్లో చెప్పేది కాదు. వస్తున్నా."

"పిల్ల లేస్తే ఏంది?" అంది అత్త.

"మీరిద్దరూ ఉన్నారుగా." ఈ మాట ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు. తమ్ముడి పని కాబట్టి వెంకటకృష్ణ, "పది నిమిషాల్లో రా," అన్నాడు, ఫోనులోంచి తలెత్తకుండానే.

బస్టాండు వెనక, మాబున్నీసా మిషను కుట్టే అరుగు ముందు వేప. అర్చన పై దారాలు పక్కకు జరిపి, అడుగున వెలిసిపోయిన ముడి చూపించింది. "ఇదే మేడం. నూట నలభై రెండు సెంటీమీటర్లు. అవతల పక్క కోచింగ్ సెంటరు బోర్డు మేకులు ఏడు."

మేడం నోట్‌బుక్కు చూసింది. సాయిని చూసింది. "కొలిచింది ఎవరు?"

"నేనే మేడం, వదిన కొంచెం హెల్ప్ చేసింది," అంటూ సాయి అర్చన వైపు చూశాడు, ఇంకో అట్టు వెయ్యమన్నట్టు.

"మూడొందల పన్నెండూ నేనే కొలిచాను," అంది అర్చన. "నాకింక ఒక్క సెమిస్టరే ఉంది. మళ్ళీ చేరుతున్నా."

సాయి మొహం మాడిపోయింది. మేడం నోట్‌బుక్కు అర్చన చేతిలో పెట్టింది. "అరవై రెండోది ఎక్కడ?"

అది రైల్వే గేటు అవతల. ఇంటి నుంచి ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగుతోంది. గంట దాటింది. అర్చన కాళ్ళు మాత్రం గేటు వైపే పోతున్నాయి. మీలో ఎవరైనా అర్చన వాళ్ళ వీధిన పోతుంటే, నీలం గేటు ఇంట్లోకి ఒక్కసారి తొంగి చూడండి, బిందు లేచిందేమో. ఇంట్లో తండ్రి ఉన్నాడు, నాయనమ్మ ఉంది. అయినా ఒక్కసారి చూడండి.