అడగని పరీక్ష

ఆ ఇంటి కోడలు ఒక పరీక్షశాలలో టెక్నీషియన్. తొంభై ఆరు చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో, రక్తం నుంచి వేరుచేసిన ప్లాస్మా చుక్కలు వేసి, యాంటీబాడీలు కలిపి, కడిగి, చివరికి తేలే పసుపు రంగును యంత్రంలో కొలవడం ఆమె పని. అల్జీమర్స్ జబ్బుతో సంబంధమున్న ఒక ప్రొటీన్ రక్తంలో ఎంత ఎక్కువుంటే ఆ పసుపు అంత చిక్కనవుతుంది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఈమధ్య పాలు స్టవ్ మీద పెట్టి మరిచిపోతోంది. రెండుసార్లు గిన్నె మాడింది. ఆమె షుగరు పరీక్షకిచ్చిన రక్తం కొంచెం మిగిలితే, కోడలు ఎవరికీ చెప్పకుండా దాని ప్లాస్మాను ఖాళీగా ఉన్న ఒక గుంటలో వేసి, మిగతాది దాచింది. దురుద్దేశంతో కాదు, ఆత్రంతో. పాఠకులారా, మన ఇళ్లలో చాలా తప్పులు ఈ ఆత్రం చాటునే జరిగిపోతాయి.

రంగు చిక్కగా వచ్చింది. ఆ జబ్బేననుకుంది కోడలు.

"ఎవరితోనూ అనకండి" అని భర్తకు చెప్పింది. అతడు అన్నానికి కూర్చునేలోపే చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆ మర్నాటి నుంచి పెద్దావిడను వంటగదిలోకి రానివ్వలేదు. ప్రతి గురువారం బస్సెక్కి పాత స్నేహితురాలి ఇంటికి వెళ్లే అలవాటు మాన్పించారు.

"అమ్మ మాత్ర వేసుకుందా?" అని కొడుకు భార్యను అడిగేవాడు.

"ఎదురుగానే ఉన్నా కదరా! నన్నే అడగొచ్చుగా?" అనేది తల్లి.

అతడు నవ్వి మళ్లీ భార్య వైపే చూసేవాడు.

నాలుగు వారాలు గడిచేసరికి పెద్దావిడ రోజుకు మూడుసార్లు "ఇవాళ ఏ వారం?" అని అడగసాగింది. జబ్బు ముదిరిందా? గురువారమే లేని మనిషికి వారాలెలా గుర్తుంటాయి? కోడలికి ఏమీ పాలుపోలేదు. దాచి ఉంచిన ప్లాస్మాను మళ్లీ పరీక్షించింది. ఈసారి రంగు పలచగా వచ్చింది. ఏది నిజమో తెలియక తల పట్టుకుంది. చివరికి పరీక్షశాల పెద్ద డాక్టరమ్మ ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది.

"నిలవున్న శాంపిల్ తేడా చూపిస్తుంది. కిడ్నీలు సరిగా పనిచెయ్యకపోయినా ఈ ప్రొటీన్ పెరుగుతుంది. మనిషితో మాట్లాడకుండా ఒక్క అంకె పట్టుకుని జబ్బు అనేస్తే ఎలాగమ్మా? ఇంతకీ ఆవిడేమంటున్నారు?"

"ఆవిడకి తెలీదండీ."

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆవిడకి తప్ప! అంతేనా?"

కోడలు ఆ సాయంత్రం ఇంటికి వస్తూనే అత్తగారి మంచం పక్కన కూర్చుని ఏదీ దాచకుండా చెప్పేసింది.

పెద్దావిడ లేచి కూర్చుంది. "మీరు గుసగుసలాడుతుంటే నేనేదో ఘోరం చేశాననుకున్నానే. నాకు పిచ్చెక్కుతోందేమోనని భయపడ్డాను. ఇంతకీ ఆ జబ్బేనా?"

"నాకు తెలీదత్తయ్యా. నిజంగా తెలీదు."

"ఆ ముక్కేదో మొదటే చెప్తే సరిపోయేదిగా! తెలీని భయమైనా ఇద్దరం కలిసి పడేవాళ్లం."

ఆ వారమే అందరూ మతిమరుపు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లారు. కొడుకు నోరు తెరవగానే తల్లి చెయ్యి అడ్డుపెట్టింది. "నువ్వాగు. మరిచిపోయేది నేను, చెప్పేదీ నేనే" అంది. జ్ఞాపకశక్తి కొంత తగ్గిన మాట నిజమేనని డాక్టరు తేల్చాడు. కిడ్నీలు కూడా బలహీనంగా ఉన్నాయి. కారణమేమిటో ఇప్పుడే చెప్పలేమని, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దామని అన్నాడు. ఇంట్లో అయోమయం పూర్తిగా తీరలేదు గానీ, గుసగుసలు మాత్రం ఆగాయి.

పరీక్షశాలలో కోడలు ఇప్పుడు రక్తం ఇచ్చినవారి అనుమతి పత్రం చూడనిదే ఏ శాంపిలూ ముట్టుకోదు. కొత్తగా చేరినవాళ్లకు ఆమె చెప్పే మొదటి మాట ఇది: "ఎంత దగ్గరవాళ్లయినా సరే, వాళ్ల రక్తంలో ఏముందో చూసేముందు వాళ్లని అడగండి. తెలిశాక మొదట వాళ్లకే చెప్పండి."